వదిలేసిన చప్పుడు

నీళ్ళు ఇంకా దూరంగానే ఉన్నాయి, ఇంకా టైముంది అని కోటేశ్వరి లోలోపల అనుకుంటూనే ఉంది గానీ, ఇందాక తను చెప్పులు విడిచిన చోట ఇప్పుడు తడి మెరుస్తోంది. చెప్పులు రెండూ నురుగులో తేలి పక్కకి జరిగాయి. వాటిని తీసి పైకి విసరడానికి కూడా ఆగబుద్ధి కాలేదు. ఆగితే గీసుకున్న వరస తప్పుతుంది. కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి, మెటల్ డిటెక్టర్ చివరనున్న గుండ్రటి పళ్ళేన్ని ఇసకకి తగిలీ తగలనట్టు ఊపుకుంటూ ఒక్కో అడుగే ముందుకి పోవాలి. ఎక్కడో ఈ ఇసకలోనే ఉంది. బొటనవేలంత ఉంటుంది, గోధుమరంగు, సరయు జుట్టులో కలిసిపోవాలని వాళ్ళమ్మ ఏరి ఎంచిన రంగు, ఇప్పుడు ఇసకలో కలిసిపోయే రంగు. చెవి వెనక తగిలించుకునే ముక్క, దానికో సన్నటి తీగ, తీగ చివర అయస్కాంతపు బిళ్ళ. ఆ బిళ్ళ తలకి అతుక్కుంటేనే లోపల ఆపరేషన్ చేసి పెట్టినదానికి మాటలు అందుతాయి. అది లేకపోతే ఐదేళ్ళ సరయుకి మాటలు లేవు. చాంగీ సముద్రం చూడ్డానికి చెరువులా ఉంటుంది, అలలు ఉన్నాయా లేవా అన్నట్టు ఉంటాయి, కానీ పోటు మొదలైతే ఈ చదును ఇసక మీదకి చాప పరిచినట్టు వచ్చేస్తుంది. వచ్చిన నీళ్ళు ఊరికే వెళ్ళవు, పైన ఉన్నదాన్ని లోపలికి లాక్కుని, ఇసక కప్పి మరీ వెళ్తాయి.

వెనక్కి చూడకూడదనుకుంటూనే చూసింది. సరుగుడు చెట్ల కింద అలేఖ్య పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంది. అలేఖ్య తన తమ్ముడు సాయి కిరణ్ పెళ్ళాం. వాడు ఆఫీసు పని మీద జకార్తాలో ఉన్నాడు, వాడికింకా చెప్పలేదు. అలేఖ్య అరవలేదు, ఏడవలేదు, ఒక్క మాట కూడా అనలేదు, అనుంటేనే బాగుండేది. ఈ మరదలు మాట్లాడకపోవడం కోటేశ్వరికి కొత్త కాదు. కిందటేడు సరయు పుట్టినరోజు నాడు, నలుగురూ కేకు ముక్కలు పట్టుకుని నిలబడి ఉండగా, ఎడమ చెవికి కూడా ఆపరేషన్ అన్నప్పుడు తనే నోరు జారింది. ఒక చెవి పనిచేస్తోందిగా, పసిదాని తల మళ్ళీ కొయ్యడం ఎందుకు, అని. అప్పుడూ అలేఖ్య ఇలాగే చూసింది. ఆ తర్వాత నెలల తరబడి జురాంగ్ ఈస్ట్‌లోని తన ఫ్లాటుకి రాలేదు. ఫోన్ చేస్తే సాయి ఎత్తేవాడు, పిల్ల నిద్రపోయిందక్కా అనేవాడు. ఆపరేషన్ చేయించారు. ఈమధ్యనే ఆ ఎడమ మిషన్ కూడా ఆన్ చేశారు. అందులోంచి పిల్లకి ఏమి వినపడుతుందని అడిగితే బీప్ బీప్ ఓన్లీ అని నవ్విందట. ఆ చెవి మాటలు నేర్చుకోవాలంటే ఇంకా చాలా కాలం పడుతుందట. కుడి చెవిది మూడేళ్ళ చదువు. ఆ మూడేళ్ళూ అలేఖ్య ఉద్యోగం మానుకుని, కుక్కర్ కూత వినిపించి ఇది కుక్కర్, తలుపు కొట్టి ఇది తలుపు, వాన పడితే బాల్కనీలోకి ఎత్తుకెళ్ళి ఇది వాన అంటూ, ఒక్కో చప్పుడూ పోగు చేసి పిల్ల చెవిలో పోసింది. అదంతా ఇప్పుడు ఈ ఇసకలో ఉంది. ఇవాళైనా వీళ్ళు వచ్చింది సరయు మారాం చేసిందనే. అత్త ఇసకలో నిధులు తీస్తుందట, చూడాలి అని.

వరస తప్పింది. ఎక్కడిదాకా వచ్చాను, ఈ గీత నేను గీసిందేనా లేక ఎవరి సైకిలో పోయిన గాడా. మళ్ళీ ఊపు. హెడ్‌ఫోన్లలో టుంగుమని మోగింది. నాణెం. వదిలెయ్. నాణెం గంట కొట్టినట్టు పలుకుతుంది, దానికి అనుమానమే అక్కర్లేదు. రెండడుగులు వేశాక మెత్తగా, బొద్దుగా ఒక చప్పుడు. ఇది తవ్వాలి. ఎలక్ట్రానిక్ వస్తువు కదా, లోపల రాగి ఉంటుంది, బంగారం పూత ఉంటుంది, అవి ఇలాగే పలకాలి. చిల్లుల పార దించి, ఇసక ఎత్తి, ఊపి చూస్తే కూల్‌డ్రింకు డబ్బా మూతి రింగు. మొదలుపెట్టినప్పటి నుంచీ ఇదే వరస, రింగులు, చాక్లెట్ రేకులు, గాలిపటం పుల్లకి చుట్టిన తీగ, ఎవరిదో జడ క్లిప్పు. ఉంగరం దొరకాలన్నా ఇంతే, బంగారం పలికినట్టే ఈ రింగులూ పలుకుతాయి, ఒకటి కోసం వంద తవ్వాలి. ఈ విద్య నేర్పిన జయరాం గారు ముందే చెప్పాడు. కింద అంతస్తులో ఉంటాడాయన, తాతల నాడు విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఓడల యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. భర్త మధుసూదనరావు పోయాక ఆదివారాలు గడవక ఆమె లిఫ్టు దగ్గరే నిలబడిపోతుంటే చూసి, పాత డిటెక్టర్ చేతిలో పెట్టి, రామ్మా ఇసకలో నడుద్దాం అన్నాడు. అన్నీ తవ్వితే నడుము పోతుందమ్మా, ఏది వేండాం అనేది ముందు నేర్చుకో. గరగరమంటే కారాట్, వదిలెయ్యి. తుప్పుని ఆయన కారాట్ అంటాడు, అక్కర్లేనిదాన్ని వేండాం అంటాడు. ఆ గరగర అసలు చెవిన పడకుండా మిషన్‌లోనే నొక్కేసే మీట కూడా ఆయనే చూపించాడు. అది నొక్కాక సముద్రపు ఒడ్డు ఎంత నిశ్శబ్దమైపోయిందో. ఆ నిశ్శబ్దం బాగుండేది. ఇంట్లో నిశ్శబ్దంలా కాదు, ఏదో ఒకటి పలకబోతుందని ఎదురుచూసే నిశ్శబ్దం.

చెప్పుల్లో ఒకటి కనిపించడంలేదు. నీళ్ళు తను మొదట గీసిన గీతలు మూడింటినీ తుడిచేశాయి. ఎక్కడ పడిందో పిల్లకైనా గుర్తుండాలి కదా అని ఇందాక సైగలతో అడిగారు ఇద్దరూ, చెవి చూపించి, ఇసక చూపించి, ఎక్కడ ఎక్కడ అని చేతులు తిప్పి. సరయు వాళ్ళమ్మ మొహం చూసి బెదిరింది, తర్వాత వేలెత్తి డిటెక్టర్‌ని చూపించింది. అంటే దీనితో వెతకమని. వెతుకుతూనే ఉన్నాను తల్లీ. పొద్దున్నుంచి జెట్టీ వైపు నుంచి ఈ రాళ్ళ కట్ట దాకా రెండుసార్లు నడిచారు, తను వెనకా పిల్ల ముందూ, గెంతుకుంటూ, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ. ఎప్పుడు ఊడిపోయిందో. టోపీ తీసినప్పుడా, నీళ్ళు తాగినప్పుడా. ఒడ్డంతా అనుమానమే. ఇంత మేరలో ఏ చప్పుడని తవ్వడం. అసలు నాకు దాని గొంతు తెలుసా? ఊపుతున్న చెయ్యి ఆగిపోయింది. రాగి ఉంటుంది, బంగారం ఉంటుంది అని నేననుకున్నాను. ఎవరు చెప్పారు నాకు? ఎప్పుడైనా విన్నానా? తెలియని గొంతుని ఇంతమందిలో ఎలా పోల్చుకుంటున్నాను, ఇంతసేపూ?

పరుగులాంటి నడకతో చెట్ల కిందకి వెళ్ళింది. ఎడమ చెవిది ఒకసారి కావాలంది. ఇసకలో పెట్టి దాని మీద మిషన్ తిప్పితే ఎలా పలుకుతుందో తెలుస్తుంది, అప్పుడు అలాంటిదే వెతుక్కోవచ్చు. చెప్తుంటేనే అలేఖ్య చెయ్యి పిల్ల ఎడమ చెవిని కప్పేసింది.

“ఎయిర్‌పోర్టులో చెకింగ్ గేటు దగ్గరనే దీన్ని జాగ్రత్త అంటరు వదినా. ఉన్నదిదొక్కటే. ఇది గూడ ఖరాబైతే ఏం చేస్తం?”

ఏమీ కాదని చెప్పబోయింది. ఏమీ కాదని తనకేం తెలుసు? ఆపేసి ఇస్తే కాకపోవచ్చు. కావచ్చు కూడా. ఈ ఎడమది అక్కర్లేదన్న మనిషే ఇప్పుడు దాన్నే అడుగుతోంది. అలేఖ్య ఆ మాట అనలేదు గానీ అది ఇద్దరి మధ్యా నిలబడే ఉంది. దాని మీద పందెం కాసే హక్కు నాకేముంది. వెనక నీళ్ళు. అడగకపోతే ఈ ఒడ్డు మీద ఇంకో వంద రింగులు ఏరుకుంటూ ఉండగానే పోటు వచ్చేస్తుంది. “నాకు తెలీదు అలేఖ్యా,” అంది చివరికి. “పాడవదని చెప్పలేను. కానీ ఇది లేకపోతే గుడ్డిగా తవ్వుతున్నట్టే.”

అలేఖ్య కళ్ళు నీళ్ళ వైపు వెళ్ళాయి, మళ్ళీ పిల్ల మీదకి. ఎవరూ ఏమీ అనకముందే సరయు తనే వాళ్ళమ్మ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, బిళ్ళ లాగి, మిషన్ తీసి, అత్త అరచేతిలో పెట్టింది. పెట్టిన క్షణంలో ఆ చిన్న మొహంలో ఏదో మూసుకుంది, లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నట్టు. అప్పుడే నెత్తి మీంచి విమానం ఒకటి చక్రాలు దించుకుంటూ దిగింది. కోటేశ్వరి గుండెలు అదిరేంత మోత. సరయు తలెత్తలేదు. ఇసక మీద నీడ పరిగెత్తడం చూసి, అప్పుడు ఎత్తింది. అరచేతిలో ఉన్నది ఇంకా పిల్ల వెచ్చదనంతో ఉంది. అలేఖ్య దాన్ని ఆపేసి, తన చున్నీ అంచులో చుట్టి, గుడ్డతో సహా ఇచ్చింది.

పొడి ఇసకలో, ఏ చప్పుడూ లేదని ముందే చూసుకున్న చోట, జానెడు గుంట తీసి దాన్ని పెట్టి, పైన పిడికెడు ఇసక చల్లింది. ఊపింది. ఏమీ లేదు. పళ్ళెం వదులైందేమోనని బిగించి, మళ్ళీ ఊపింది. ఏమీ లేదు. కళ్ళెదురుగా ఉంది, తనే పెట్టింది, చున్నీ అంచు పైకి కనిపిస్తోంది, దాని మీదుగా పళ్ళెం వెళ్తోంది, వస్తోంది, హెడ్‌ఫోన్లలో అదే బాగున్న నిశ్శబ్దం. బొటనవేలితో మీట తీసింది, ఇనుముని నొక్కేసే మీట, ఇన్నేళ్ళలో మళ్ళీ ఒక్కసారీ ముట్టుకోనిది. ఊపింది. గర్ర్, అని ఒక తుప్పు గొంతు, తెగి, మళ్ళీ గర్ర్. రెండు దగ్గులు దగ్గినట్టు. అయస్కాంతం. అయస్కాంతమూ బ్యాటరీ తొడుగూ, అంతా ఇనుము లెక్కే. పారేసిన సీసా మూత గొంతు. ఈ గొంతుని అసలు వినకూడదనే కదా పొద్దున్నుంచీ ఒడ్డంతా నడిచింది. అంటే దాని మీదుగానే నడిచి ఉండొచ్చు. ఎన్నిసార్లు నడిచిందో తెలియకుండానే.

చున్నీ మూట తిరిగి ఇచ్చేసింది. అలేఖ్య ఇసక దులిపి, ఊది, ఎడమ చెవికి పెట్టి, వెనక నుంచి చప్పట్లు కొట్టింది. పిల్ల తిరిగి చూసింది. ముగ్గురిలో ఇద్దరికి ఊపిరి వచ్చింది. కోటేశ్వరి అప్పటికే నీళ్ళ వైపు పరిగెడుతోంది. మీట తీసిన ఒడ్డు ఇంకో ఒడ్డులా ఉంది. ప్రతి అడుగుకీ ఏదో ఒకటి గరగరమంటోంది. మేకులు, చువ్వలు, మూతలు, పాత పడవల ముక్కలు, ఎవరివో బార్బెక్యూ ఊచలు, ఇవన్నీ ఇన్నాళ్ళూ నా కాళ్ళ కింద ఇలా అరుస్తూనే ఉన్నాయా? తడి ఇసకలో ఉప్పు కూడా పలుకుతోంది, చిటచిటమంటూ. రెండు దగ్గులు. రెండు దగ్గుల్ని పట్టుకోవాలి. ఇక్కడ ఒకటి, తవ్వు. సీసా మూత. ఇక్కడ, మూడు దగ్గులు, వదలాలా? వదిలే ధైర్యం ఇప్పుడెక్కడిది, తవ్వు. మేకు. పార వదిలేసి చేతులతోనే తవ్వుతోంది, గోటి సందులో ఏదో గుచ్చుకుంది, రక్తమో తుప్పో తెలియడంలేదు. నీళ్ళు మడమల దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి, పోతూ పోతూ తీసిన గుంటల్ని పూడ్చేస్తున్నాయి. ఇది చాలా లోతు, పిల్ల మీద నుంచి జారిపడ్డది అంత లోతుకి పోదు, వదులు. ఇది పైపైనే, తవ్వు. డబ్బా రేకు. ఆ పక్కన ఇంకొకటి. ఏది, ఏది? అన్నీ ఒకటే గొంతు, అన్నీ నన్నే పిలుస్తున్నట్టు. అన్నీ తవ్వే వేళ లేదు. ఏది వేండాం అనేది నేర్చుకో అన్నాడాయన, నేర్చుకున్నాను, బాగా నేర్చుకున్నాను, ఇప్పుడు ఏది కావాలో చెప్పేవాళ్ళు లేరు. అలేఖ్య ఎప్పుడు వచ్చిందో, మోకాళ్ళ మీద కూర్చుని అటు చివర తనూ చేతులతో తవ్వుతోంది, ఏ మిషనూ లేకుండా, ఎక్కడ పడితే అక్కడ. అది చూడలేక తల తిప్పుకుంది.

తల తిప్పుకుంటే సరయు కనిపించింది. తల్లి వెనకే వచ్చి, నీళ్ళకి ఎడంగా నిలబడి ఉంది, చేతులు వెనక్కి కట్టుకుని. ఆకాశం చూస్తోంది. దూరాన ఇసక మోసుకుపోతున్న బల్లకట్టుని చూస్తోంది. తన కాలివేళ్ళు చూసుకుంటోంది. రాళ్ళ కట్ట వైపు మాత్రం చూడటంలేదు. కోటేశ్వరి ఊపుతున్న పళ్ళెం ఆగింది. ఈ చూపు తనకి తెలుసు. బొమ్మ ఎక్కడ దాచావే అని అడిగితే సోఫా దిండు ఒక్కటి తప్ప ఇల్లంతా చూసే చూపు ఇది. అంత జాగ్రత్తగా ఎవరూ ఊరికే చూడకుండా ఉండరు. ఒక అడుగు అటు, రాళ్ళ కట్ట వైపు వేసింది. కట్టుకున్న చేతులు బిగుసుకున్నాయి. ఇంకో అడుగు. పిల్ల పెదవులు లోపలికి మడిచేసుకుంది, నవ్వు బయటపడకుండా. డిటెక్టర్‌ని చూపించిన ఆ వేలు. వెతకమని కాదు. దీనికోసం అని. పడిపోలేదు. ఏదీ ఎక్కడా పడిపోలేదు. ఆట. ఈ పిల్ల ఇంకా ఆడుతూనే ఉంది.

రాళ్ళ కట్ట మొదట్లో ఒక గుండ్రాయి, దాని నీడలో ఇసక ఇప్పటికే జావలా ఉంది. పళ్ళెం పెట్టగానే గర్ర్, ఆగి, గర్ర్. ఆ పక్కన జానెడు దూరంలో ఇంకో దగ్గు, దానికంటే బలంగా. అల వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చేలోపు ఒక్కదానికే వ్యవధి. బలమైన దాని మీదకి చెయ్యి వెళ్ళబోయింది. అలవాటు. తలెత్తి చూసింది. సరయు ఇప్పుడు ఆకాశం చూడటం మానేసి, రాయి నీడనే చూస్తోంది. కళ్ళు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టి. కోటేశ్వరి మిషన్ పక్కకి పడేసి, రెండు చేతులూ మోచేతుల దాకా ఆ జావలోకి దించింది. గవ్వ. గులకరాయి. గవ్వ. తీగ. సన్నగా, మెత్తగా, వేలికి చుట్టుకుంది. అల వచ్చి నడుము దాకా తడిపింది. గుప్పిట పైకెత్తి పట్టుకుంది, నీళ్ళు అందనంత ఎత్తుకి.

అలేఖ్య దాన్ని చూసి కూడా ముందు పిల్లనే చూసింది. తర్వాత అందుకుంది. చెట్ల కిందకి తీసుకెళ్ళి, తాగే నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, సంచీలోంచి వేరే బ్యాటరీ తీసి మార్చింది. ఆ వేళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు. కోటేశ్వరి ఒళ్ళంతా తడితో, ఇసకతో పక్కన చతికిలబడింది. దీపం వెలగలేదు. అలేఖ్య బ్యాటరీ తీసి, ఊది, మళ్ళీ పెట్టింది. వెలగలేదు. ఇంకోసారి. బుల్లి పచ్చ దీపం ఒకసారి మిణుక్కుమంది, ఆగింది, తర్వాత వరసగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. కుడి చెవి వెనక తగిలించి, బిళ్ళ తలకి ఆనిస్తే టక్కున అతుక్కుంది. “సరయూ,” అంది అలేఖ్య, బాగా మెల్లగా, పక్కనున్న కోటేశ్వరికే సరిగ్గా వినపడనంత మెల్లగా.

“యెస్, మమ్మీ,” అంది సరయు.

అప్పుడు ఏడ్చింది అలేఖ్య. పిల్ల భుజంలో మొహం పెట్టుకుని, చప్పుడు లేకుండా. సరయు వాళ్ళమ్మ వీపు నిమురుతూ, ఆ తల మీంచి అత్తని చూసింది. కోపంగా కాదు, అర్థం కానిదాన్ని అడుగుతున్నట్టు.

“టూ టైమ్స్ యూ వాక్ పాస్ట్, అత్తా. టూ టైమ్స్ ఆల్సో యూ నెవర్ స్టాప్. ఐ హైడ్ ఫర్ యూ, వాట్.”

నీకోసమే దాచాను కదా. అత్త తవ్వినప్పుడల్లా ఎంత సంతోషపడుతుందో పొద్దున చూసింది, తన దగ్గరున్నవాటిలో అన్నిటికంటే మంచిది తీసి పాతిపెట్టింది, ముందు గెంతుకుంటూ వెళ్ళి, వెనక్కి తిరిగి, ఇప్పుడు ఆగుతుంది ఇప్పుడు ఆగుతుంది అని ఎదురుచూసింది. అత్త దాటి వెళ్ళిపోయింది. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ దాటిపోయింది. చెప్పడానికి జవాబులు చాలా ఉన్నాయి. మీట సంగతి ఉంది, ఉప్పు సంగతి ఉంది, ఇనుము సంగతి ఉంది.

“వినపడలేదు తల్లీ,” అంది.

సరయు వాళ్ళమ్మ చేతుల్లోంచి జారి దగ్గరికి వచ్చి, ఇసక వేళ్ళతో కోటేశ్వరి నెరిసిన జుట్టు పక్కకి తోసి, కుడి చెవి వెనక తడిమింది. అక్కడేమీ లేదు. చుట్టూ తిరిగొచ్చి ఎడమ చెవి వెనక కూడా తడిమి చూసింది.

“అత్త ఆల్సో కెనాట్ హియర్ ఆ?”

అలేఖ్య తలెత్తింది. తడి కళ్ళతోనే వదిన వైపు చూసింది, ఏమంటుందో అని.

“కొంచెం,” అంది కోటేశ్వరి. “కొంచెం వినపడదు.”

సరయు పెద్దమనిషిలా తలాడించింది. చేతులు రెండూ దోనెలా చేసి అత్త చెవికి ఆనించి, తనతో లోకమంతా మాట్లాడేటట్టే, గట్టిగా, మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

“నెక్స్ట్ టైమ్. ఐ. టెల్. యూ.”